కేదారు గుడారములు, గోదావరి రేవులు

నరసాపురము మొదలుకొని రాజమహేంద్రవరము వరకును, వసిష్ఠ గౌతమీ పాయల వెంబడి కొబ్బరితోటల నీడలలో వెలసిన చిన్న పెద్ద మందిరములలో ఆదివారమున వాక్యపఠనము జరుగునపుడు కేదారు, నెబాయోతు, మిద్యాను, షేబ, దదాను అను పేర్లు ఎన్నో తరములనుండి మన జనుల చెవులకు సోకుచునే యున్నవి. అబ్రాహాము, దావీదు, సొలొమోనుల చరిత్రములను తడువుకొనకుండ చెప్పగల పెద్దలు ప్రతి పల్లెయందును గలరు. అయినను, ఆ మహాపురుషుల పొలిమేరలలో గుడారములు వేసికొని, వారితో బేరములాడి, వియ్యమంది, ఒకప్పుడు కలహించి, మఱియొకప్పుడు ఆశ్రయమిచ్చిన ఆ ఎడారి జనములు ఎవ్వరు, ఎట్లు బ్రతికిరి, ఏమైరి అను ప్రశ్న మనలో అరుదుగా పుట్టుచున్నది. పొరుగువాని చరిత్ర తెలియనిదే ఇంటివాని చరిత్ర సమగ్రముగ తెలియదు. అందుచేత బైబిలు కాలపు అరబీయులను గూర్చి కొంత విచారించుట మన సీమ పాఠకునకు కేవలము పాండిత్యవిషయము కాదని నా నమ్మకము.

ఈ నమ్మకమునకు మన ప్రాంతపు చరిత్రలోనే ఒక ఆధారము గలదు. తెలుగు క్రొత్తనిబంధన 1818లో మద్రాసున అచ్చయ్యెను గాని, దానిని చేతబట్టి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో ఊరూర తిరిగిన తొలి బోధకులలో ముఖ్యులు విలియము బౌడెను, జార్జి బీరు అను ఇరువురు ఆంగ్లేయులు. వీరిని 1836లో ఈ దేశమునకు తోడ్కొనివచ్చినవాడు ఆంథొని నారిస్ గ్రోవ్స్. ఈయన ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడై సుఖముగ జీవించుచు, ఆ వృత్తిని విడనాడి 1829లో భార్యాపుత్రులతో బాగ్దాదునకు పోయెను. 1831లో ఆ నగరమును మహామారి పట్టి పీడించెను. అదే సమయమున టైగ్రిసు నది పొంగి ప్రాకారమును, వేలకొలది యిండ్లను కూల్చెను. ఆ మహామారికే గ్రోవ్స్ భార్య బలియయ్యెను. ఆయన పిల్లలకు ఉపాధ్యాయుడుగా వెంట వెళ్లిన జాన్ కిట్టో చిన్ననాడు నిచ్చెనపైనుండి పడి వినికిడి పూర్తిగ కోల్పోయినవాడు. అతడు చెవితో గ్రహింపలేని ఆ లోకమును కంటితో గ్రహించెను. అరబ్బుల వేషాచారములను, ఇండ్లవాకిండ్లను, గుడారములను చూచి, స్వదేశమునకు మరలిన పిమ్మట సచిత్ర బైబిలును, 1845లో బైబిలు విజ్ఞానకోశమును వెలువరించి, బైబిలును ప్రాచ్యదేశపు జీవితముతో కలిపి చదువవలెనని తన తరమువారికి నేర్పెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టుచుండిన దినములలో కూలిజనుల నడుమ సాగిన బౌడెను, బీరుల బోధకు ఆర్థరు కాటను ఆదరము లభించిన సంగతి మనవారికి తెలిసినదే. ఆ గోదావరి మిషను పూర్వకథ బాగ్దాదులో గడచినదను సంగతి మాత్రము మఱుగుపడినది.

ఇక అసలు విషయమునకు వత్తము. బైబిలులో అరబీయులనగా ఒక రాజు క్రింద, ఒక రాజధాని చుట్టు కూడిన ఒకే జాతి కాదు. యొర్దానునకు తూర్పుననున్న మెట్ట మొదలుకొని సీనాయి ఎడారి మీదుగా అరేబియా ద్వీపకల్పపు దక్షిణాగ్రము వరకు వ్యాపించిన పెక్కు తెగల సముదాయమది. ఆదికాండము వీరిని వంశవృక్షరూపమున చూపుచున్నది: హాగరు కుమారుడైన ఇష్మాయేలునకు పండ్రెండుగురు కుమారులు, అందు జ్యేష్ఠుడు నెబాయోతు, రెండవవాడు కేదారు, అబ్రాహాము ముదిమిలో పెండ్లాడిన కెతూరా సంతతిలో మిద్యాను, షేబ, దదాను. ఎదోమీయులు ఏశావు సంతానము, మోయాబీయులును అమ్మోనీయులును లోతు సంతానము. శత్రువులని పేరుపడిన వారందఱును ఆ లెక్కలో జ్ఞాతులే. అబ్రాహాము కాలము చేసినపుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇరువురును కూడి మక్పేలా గుహలో తండ్రిని పాతిపెట్టిరని ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఇంటినుండి వెడలగొట్టబడిన కొడుకు తండ్రి అంత్యక్రియలకు వచ్చి నిలిచెను. ఈ ఒక్క వాక్యమును మన బోధకులు నొక్కి చెప్పియుండినచో, ఇష్మాయేలు పేరు వినగానే పరుడను భావము మనలో కలిగియుండెడిది కాదు.

యోసేపును అన్నలు ఇరువది వెండి నాణెములకు అమ్మినపుడు, కొని ఐగుప్తునకు కొనిపోయినవారు గిలాదునుండి గుగ్గిలము, మస్తకి, బోళము ఒంటెలపై వేసికొని పోవుచున్న ఇష్మాయేలీయులు. మోషే ఫరోకు వెఱచి పాఱిపోయినపుడు అన్నముపెట్టి, పిల్లనిచ్చి, నలువది యేండ్లు నిలువ నీడనిచ్చినవాడు మిద్యాను యాజకుడైన యిత్రో. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒక్కొక్క అధికారిని నియమించి న్యాయము తీర్చుమని అల్లునకు ఆలోచన చెప్పినవాడును అతడే. ఇశ్రాయేలీయుల న్యాయవ్యవస్థకు తొలి రూపము ఒక ఎడారి పెద్దమనిషి బుద్ధిబలమున ఏర్పడెనన్నమాట. దావీదు సోదరి అబీగయీలు భర్త ఇష్మాయేలీయుడు. దావీదు ఒంటెలకు పైవిచారణకర్త ఓబీలు ఇష్మాయేలీయుడు, గొఱ్ఱెలకు అధికారి యాజీజు హగ్రీయుడు. పశుపాలనము నెఱిగినవారిని ఎఱిగి పనికి నియమించిన రాజనీతి ఇది. అయితే సఖ్యము ఎల్లప్పుడు నిలిచెనని చెప్పరాదు. యెహోషాపాతు రాజునకు అరబీయులు 7,700 పొట్టేళ్లను, 7,700 మేకపోతులను సమర్పించిరి; ఆయన కుమారుడైన యెహోరాము కాలమున ఆ అరబీయులే ఫిలిష్తీయులతో కూడి యూదాపై దండెత్తి రాజగృహమును కొల్లగొట్టిరి. ఒకే తరములో కానుకయు కొల్లయు పొందిన పొరుగుతనమది. మెట్టలో వానలు పడి గడ్డి మొలచిన యేట పశువులమ్మకము సాగును. కఱవు కమ్మిన యేట ఆ పశులకాపరులే సేద్యగాండ్ర పొలములపై పడుదురు. గిద్యోను కథలో మిద్యానీయులు పంటల కాలమున ఒంటెలతో వచ్చిపడుటకు మూలమును మనమిక్కడనే వెదకవలెను.

బైబిలు వెలుపల అరబ్బు అను మాట మొట్టమొదట కానవచ్చునది యుద్ధరంగముననే. టైగ్రిసు ప్రాంతమున కుర్ఖు అనుచోట 1861లో దొరకిన అస్సూరు రాజు మూడవ షల్మనేసెరు శిలాశాసనము క్రీ.పూ. 853లో కర్కరు వద్ద జరిగిన పోరును వర్ణించుచు, తన్నెదిరించిన కూటమి బలములను వరుసగా లెక్కించినది. దమస్కు రాజు 1,200 రథములు తెచ్చెను; ఇశ్రాయేలు రాజు అహాబు 2,000 రథములు, 10,000 కాల్బలము తెచ్చెను; అరబీయుడైన గిందిబు 1,000 ఒంటెలు తెచ్చెను. అహాబును గూర్చి అన్ని అధ్యాయములు వ్రాసిన బైబిలు గ్రంథకర్తలు ఈ యుద్ధమును ప్రస్తావింపనే లేదు. ఇశ్రాయేలీయుడును, అరబీయుడును, అరామీయుడును ఒకే పక్షమున నిలిచి మహాసామ్రాజ్యమును ప్రతిఘటించిరను విషయము శత్రువు చెక్కించిన రాతివలననే మనకు తెలియవచ్చినది. పాలస్తీనా సరిహద్దులలో ఒంటె అప్పటికి కొలది తరములనుండియే విరివిగ వాడుకలోనికి వచ్చియుండెను. దానితో దాటరాని ఎడారి దాటదగినదయ్యెను. దాటించువానికి విలువ హెచ్చెను.

ఆపైన నూఱేండ్లు గడచిన పిమ్మట అస్సూరు శాసనములు అరబీయుల రాణులను పేర్కొనుట విశేషము. జబీబె, సంసి, తెయెల్ఖును అను స్త్రీలు తమ జనులకు ఏలికలై, కప్పము కట్టియు, కట్టనొల్లక పోరియు కీర్తి గాంచిరి. సంసినుండి 30,000 ఒంటెలను, 20,000 పశువులను చేకొంటినని అస్సూరు రాజు తిగ్లత్పిలేసెరు చెప్పుకొనెను. విజేతల లెక్కలను పూర్తిగ నమ్మనక్కరలేదు గాని, ఆ కాలపు శిల్పమొకటి ఇప్పటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నది: చేత కూజా పట్టిన ఒక స్త్రీ ముందు నడుచుచుండగా, ఆమె వెనుక ఒంటెల మంద సాగుచున్నది. సొలొమోను దర్శనమునకు 120 తలాంతుల బంగారముతో వచ్చిన షేబరాణి కథను చదువునపుడు, స్త్రీలు రాజ్యమేలిన ఈ అరబీయ సంప్రదాయమును జ్ఞప్తికి తెచ్చుకొనుట యుక్తము. అస్సూరు రాజు అష్షూర్బనిపాలు నాటికి కేదారు ప్రబల శక్తియై యుండెను. అతడు వారిని గెలిచి తెచ్చిన ఒంటెల సంఖ్య ఎంత యనగా, తన దేశపు అంగడి వాకిట ఒంటె తులము వెండికైనను సరితూగని ధరకు అమ్ముడుపోయెనని వ్రాయించుకొనెను.

ఈ రాజులందఱిని ఎడారివైపు లాగిన ఆకర్షణ సాంబ్రాణి. మన యిండ్లలో సాయంకాలమున నిప్పులపై చల్లు ఈ పదార్థము నేటి ఒమాను దేశపు దోఫారు కొండలలోను, హద్రమౌతు లోయలలోను, సోమాలి తీరమునను పెరుగు ఒక పొట్టి చెట్టు పాలు. చెట్టు బెరడును చిన్న కత్తితో అక్కడక్కడ చెక్కి విడిచినచో, తెల్లని పాలు బొట్లుబొట్లుగా ఊరి, కొలది వారములలో గాలికి గట్టిపడును. ఆ ముద్దలను గీకి బుట్టలకెత్తుదురు. తొలి గాటున వచ్చునది నాసిరకము, పిదప గాట్లనుండి ఊరునది మేలురకము. షబ్వా నగరమున దానిని తెచ్చుటకు ఒక్క ద్వారమే తెఱచియుంచిరని, అచట దేవుని పేర పదియవ పాలు కొలచి తీసికొనిరని, త్రోవ తప్పి మఱియొక దారిని పోవుట మరణశిక్షకు తగిన నేరమని రోము పండితుడు ప్లినీ వ్రాసెను. అతని లెక్కలో దక్షిణ అరేబియాలోని తిమ్నానుండి గాజావరకు ఒంటెలకు 65 మజిలీలు. నీటికి, మేతకు, విడిదికి, సుంకములకు పెట్టవలసిన ఖర్చు ఒక్కొక్క ఒంటెకు 688 దేనారములు. దదాను, తేమా ఆ దారిలోని ఖర్జూరపు ఊళ్లు. వాని విలువ గుర్తించియే బబులోను రాజు నబోనిదు రాజధానిని విడిచి పదియేండ్లు తేమాలో కాపురముండెను. యెరూషలేము దేవాలయమున నిత్యము వేసిన ధూపము ఆ అరబీయుల ఒంటెలు మోసి తెచ్చినదే. యాజకుని చేతనున్న ధూపార్తిలో షేబవాని శ్రమ కాలుచుండెను.

షేబవారు వర్తకులు మాత్రమే కాక గొప్ప కృషీవలులని గోదావరి మండలమువారు ప్రత్యేకముగ గుర్తింపవలెను. యెమను దేశమున మారిబు వద్ద వారు కట్టిన ఆనకట్ట పొడవున 600 మీటర్ల వరకును, ఎత్తున 15 మీటర్ల వరకును ఉండెడిది. కొండలలో వర్షించి హఠాత్తుగ వచ్చిపడు వఱదను అది చెఱువువలె ఏడాది పొడుగున నిలువచేయుటకు ఉద్దేశించినది కాదు. నీటిమట్టమును పొలముల యెత్తునకు లేపి, ఇరువైపుల రాతితూముల గుండ కాలువలకు మఱలించుటకు కట్టినది. నిలువచేయుట గాక ఎత్తి మఱలించుటయే 1847 మొదలు 1852 వరకు కట్టిన ధవళేశ్వరము ఆనకట్ట సూత్రము కూడ గదా! పంట కాలువలలో ఒండ్రు తీయుట, గండ్లు పూడ్చుట, తూముల కాపలా అను మన యేటేటి కష్టము వారికిని తప్పలేదు. గండి పడినపుడెల్ల వేలకొలది జనులను పిలిపించి మరమ్మతు చేయించిన వృత్తాంతము, క్రీ.శ. 6వ శతాబ్దమున యెమనును ఏలిన అబ్రహా శాసనములో కూలీలకు పెట్టిన పిండి, మాంసము, ఖర్జూరపు లెక్కలతో సహా నిలిచియున్నది. ఆ శతాబ్దాంతమున అది తుదిసారి తెగి, మఱల లేవలేదు. మారిబు తోటలు ఇసుకపాలయ్యెను, జనులు వలసపోయిరి. ఆ విపత్తు ఖురానులోను ప్రస్తావితమైనది. కాలువలపై బ్రతుకు సీమలకు ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక చరిత్రలో దుర్లభము.

బబులోను చెఱనుండి మరలిన యూదులు క్రీ.పూ. 445 ప్రాంతమున నెహెమ్యా నాయకత్వమున యెరూషలేము గోడలు కట్టుచుండగా ఎగతాళి చేసినవారిలో అరబీయుడైన గెషెము ఒకడు. నెహెమ్యా గ్రంథమును మాత్రమే చదివినచో ఇతడొక అల్పుడైన కొంటెవాడుగ తోచును. అయితే ఐగుప్తు తూర్పు పొలిమేరలో దొరకిన ఒక వెండి పాత్రపై, కేదారు రాజగు గష్ము కుమారుడు ఖైను దానిని హన్-ఇలాత్ దేవికి సమర్పించినట్లు అరామీ లిపిలో చెక్కబడియున్నది. ఆ గష్ము ఈ గెషెమేయని పండితులలో పలువురి అభిప్రాయము. నైలునది పాయల అంచువఱకు పలుకుబడి గల రాజు కుమారుడు అరచేత పట్టదగిన ఆ గిన్నెతో దేవతకు అర్పణము చేసెను. నెహెమ్యా గోడకు ఆవల నిలిచినవాడు ఒక రాజ్యపు బాధ్యత మోయుచున్నవాడని, గోడ లేచినచో వర్తకపు దారులు ఎవరి వశమగునో యని చింతించినవాడని అపుడు బోధపడును. ఆ కాలపు అరబీయులు పారసీకులకు లొంగినవారు కారు, మిత్రులు. యేటేట 1,000 తలాంతుల సాంబ్రాణి కానుకగ పంపెడివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు చెప్పెను. క్రీ.పూ. 525లో పారసీక రాజు కంబైసీసు ఐగుప్తుపై దండెత్తినపుడు నీరులేని ఇసుకనేలలో సేనకు దప్పి తీర్చినవారు ఒంటెతోలు తిత్తులలో నీరు నింపి తెచ్చిన అరబీయులే. ఆ అరబీయులు మాటయిచ్చు విధమును హెరొడోటసు వర్ణించెను: ఇరువురి నడుమ మూడవవాడు నిలిచి, వాడిరాతితో ఇద్దఱి అరచేతులను బొటనవ్రేళ్ల వద్ద గీసి, వారి వస్త్రపు పోగును ఆ రక్తమున తడిపి, నడుమనున్న ఏడు రాళ్లకు పూయును. అట్టి మాటను అంతగ పాటించు జనులు వేఱులేరని అతని ప్రశంస.

క్రీస్తు కాలమునకు ఆ దారులన్నియు నబాతీయులను అరబీయ జనుల చేతిలోనికి వచ్చెను. ఇరుకు మూతితో భూమిలో త్రవ్వి లోపల విశాలముగ పెంచి, గచ్చు చేసి, గుర్తు తమకు మాత్రమే తెలియునట్లు కప్పిన నీటిగుంటలు వారి బలము. శత్రువు వెంటబడినపుడు ఎడారిలోనికి జారుకొన్న వారికి నీరుండెను, వెంటబడినవానికి లేకుండెను. ఎఱ్ఱరాతి కొండలను తొలిచి కట్టిన పెట్రా వారి రాజధాని. మహా హేరోదు తల్లి కుప్రోసు నబాతీయ కుటుంబపు ఆడపడుచు. యూదుల రాజనబడినవాడు తల్లివైపున అరబీయుడు. అతని కుమారుడు హేరోదు అంతిప నబాతీయ రాజగు అరెత కుమార్తెను పెండ్లాడి, పిదప ఆమెను విడనాడి అన్నదమ్ముని భార్యయగు హేరోదియను చేపట్టెను. ఆ అధర్మమును ఖండించిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరస్సు పోగొట్టుకొనెను. కుమార్తెకు జరిగిన అవమానమును సహింపని అరెత యుద్ధముచేసి అంతిప సేనను ఓడించెను. దమస్కులో పౌలును గోడమీదినుండి గంపలో దింపవలసివచ్చినదియు ఆ అరెత అధికారి కాపలా వలననే. పౌలు పరివర్తనానంతరము తొలుదొల్త పోయినది అరేబియాకు. పెంతెకొస్తు దినమున అపొస్తలుల పలుకు విన్నవారిలోను అరబీయులు గలరు. క్రీ.శ. 106లో రోము చక్రవర్తి త్రాజాను ఆ రాజ్యమును రోములో కలిపివేసెను.

ఇంతవఱకు ఒంటెల దారిని చెప్పితిని. ఓడల దారి మన రేవులవఱకు వచ్చినది. ఎస్తేరు గ్రంథపు మొదటి వాక్యముననే హిందూదేశపు ప్రసక్తి గలదు. బేతనియలో మరియ యేసు పాదములకు పూసిన జటామాంసి హిమాలయములలో పుట్టు మొక్క వేరునుండి తీసినది. దాని వెల 300 దేనారములు, అనగా కూలివాని యించుమించు ఏడాది సంపాదన. అది అంతదూరము చేరుటకు మధ్యవర్తులలో అరబీయులే ప్రధానులు. క్రీ.శ. 1వ శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎర్రసముద్ర యాత్రాగ్రంథము, యెమనులోని మూజా రేవు అరబ్బు ఓడదొరలతోను నావికులతోను క్రిక్కిఱిసియుండెననియు, ఏడెనులో పూర్వము ఐగుప్తునుండి వచ్చు సరకులును, హిందూదేశమునుండి వచ్చు సరకులును కలిసికొనెడివనియు చెప్పి, తూర్పుతీరపు మసాలియా సీమలో సన్నని నూలుబట్ట విస్తారముగ నేయబడుచుండెనని కూడ పేర్కొనెను. ఆ మసాలియా కృష్ణా గోదావరుల ముఖద్వారప్రాంతము. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ చెప్పిన మైసోలసు నదిని కొందఱు కృష్ణయనిరి, కొందఱు గోదావరియనిరి. ఏది యైనను ఆ నేత మన తీరపు నేతయే. రెండుతెరచాపకొయ్యల ఓడ ముద్రగల శాతవాహన నాణెములు ఈ తీరపు నావికవృత్తికి సాక్ష్యమిచ్చుచున్నవి. నరసాపురము చెంత మాధవాయిపాలెము ఓడల నిర్మాణమునకును, బట్టలకును తరువాతి శతాబ్దములలో ఐరోపావఱకు పేరుపొందుటకు పూర్వరంగము అంత ప్రాచీనమైనది.

నేడు కోనసీమనుండి, రాజోలు నరసాపురము ప్రాంతములనుండి వేలకొలది మన ఆడపడుచులును యువకులును కువైటు, ఒమాను, కతారు దేశములకు పోయి, ఆ యిండ్లలో వంటచేసి, పిల్లలను పెంచి, మేడలు కట్టుచున్నారు; వారు పంపు సొమ్ముతో ఇచట పిల్లల చదువులు, పెండ్లిండ్లు జరుగుచున్నవి. అందు కొందఱు మంచి యజమానుల నీడన బ్రతుకుచున్నారు, కొందఱు అన్యాయమునకు గుఱియై అలమటించుచున్నారు. దోఫారు సాంబ్రాణి చెట్లు వారిలో కొందఱకు కనుచూపు మేరలోనే యున్నవి. అట్టివారు వదలివచ్చిన ఊళ్ల మందిరములలో కేదారు, షేబ పేర్లు అర్థములేని ధ్వనులై మిగిలిపోరాదు. పురాతన గ్రంథములు కలహమును బిగ్గఱగ చెప్పును, నిత్యజీవితపు ఇచ్చిపుచ్చుకొనుటలను వంశావళుల నడుమ, సరకుల జాబితాల నడుమ మెల్లగ చెప్పును. కలహమును మాత్రమే చదివినవాడు పొరుగువానిని సగమే చూచినవాడగును. కావున ఆదివారపు బడులలో బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే: ఇశ్రాయేలు పటమును గోడకు తగిలించునపుడు దానిని యొర్దానువద్ద ఆపివేయక, పెట్రా, తేమా, మారిబు, దోఫారుల మీదుగా మన గోదావరి ముఖద్వారమువఱకు సాగదీసి తగిలింపుడు. మోషేకు అన్నముపెట్టిన యిత్రోను గూర్చియు, తండ్రి శవమువద్ద ఇస్సాకు ప్రక్కన నిలిచిన ఇష్మాయేలును గూర్చియు పిల్లలకు చెప్పుడు.